దూరపు వేట రైఫిల్‌కు ఏ తూటా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చాలా ఏళ్లుగా .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో, లైసెన్సు మీద, దట్టమైన చెట్ల మధ్య దుప్పులను వేటాడుతున్నాను. ఎప్పుడూ 150 గజాలు దాటి కాల్చలేదు. ఇప్పుడు చెట్టూచేమా లేని కొండ వాలుల్లో వేటకు అనుమతి దొరికింది. అక్కడ జంతువు 400, 500 గజాల అవతలే కనిపిస్తుందని చెబుతున్నారు. కొత్త రైఫిల్ కొందామంటే ఒకరు 6.5 క్రీడ్‌మూర్ అంటారు, ఒకరు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అంటారు, మరొకరు 7 ఎంఎం పీఆర్‌సీ తప్ప మరొకటి వద్దంటారు. దేన్ని ఎంచుకోమంటారు?

జవాబు: మాటల దగ్గరే చిక్కు రాకుండా ముందు ఒక సంగతి చెబుతాను. ఈ జవాబులో తూటా అంటే ఇత్తడి గొట్టం, తుపాకీ మందు, ఆ మందును అంటించే క్యాప్, బుల్లెట్ అన్నీ కలిసినది. బుల్లెట్ అంటే బారెల్‌లోంచి దూసుకుపోయే ముక్క మాత్రమే. మీ మిత్రులు ముగ్గురూ తూటాల పేర్లు చెప్పారు కానీ బుల్లెట్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. దూరపు వేటలో పని చేసేది బుల్లెట్. దాన్ని తగిన వేగంతో పంపడం వరకే తూటా బాధ్యత.

మీరు పేర్కొన్న నాలుగింటినీ 500 గజాల దగ్గర నిలబెట్టి చూద్దాం. 1952లో వచ్చిన .308లో 178 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును చెప్పే చిన్న కొలత) బుల్లెట్ సెకనుకు సుమారు 2600 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 2007లో హార్నడీ సంస్థ పరిచయం చేసిన 6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ల బుల్లెట్ 2700 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. బారెల్ మూతి దగ్గర .308 శక్తి దాదాపు 2670 అడుగు-పౌండ్లు, క్రీడ్‌మూర్ శక్తి 2315 మాత్రమే. అక్కడే ఆగిపోతే .308 బలమైనదని తేల్చేస్తాం. అయితే క్రీడ్‌మూర్ బుల్లెట్ సన్నగా, పొడవుగా ఉండి గాలిని తేలికగా చీల్చుకుపోతుంది కాబట్టి దారిలో వేగాన్ని తక్కువగా పోగొట్టుకుంటుంది. ఈ గుణాన్ని కొలిచే అంకెనే బాలిస్టిక్ కోయెఫిషియెంట్ అంటారు. ఫలితంగా 500 గజాల దగ్గర రెండింటి శక్తీ ఇంచుమించు సమానమై 1300, 1370 ప్రాంతాల్లో నిలుస్తుంది. వేగంలో మాత్రం క్రీడ్‌మూర్ 2030 అడుగులతో, 1860 దగ్గరున్న .308ను దాటిపోతుంది.

ఆ వేగపు తేడా ఎందుకు ముఖ్యమంటే, వేట బుల్లెట్ జంతువు శరీరంలో పువ్వులా విచ్చుకుంటేనే తన పని చేస్తుంది, అలా విచ్చుకోవడానికి దానికి కనీస వేగం కావాలి. చాలా బుల్లెట్లకు ఆ హద్దు 1800 అడుగుల దగ్గర ఉంటుంది. దూరం కోసమే చేసిన కొన్ని ఇంకా తక్కువ వేగంలోనూ విచ్చుకుంటాయి. పూర్తిగా రాగితో చేసిన వాటిలో కొన్నింటికి 2000 వరకూ అవసరం. ఆ హద్దుకు దిగువన బుల్లెట్ సన్నని రంధ్రం చేసి బయటికి పోతుంది, జంతువు గంటల తరబడి బాధపడుతుంది. ఒకసారి నేను హద్దు దాటిన దూరం నుంచి కాల్చి, రక్తపు చుక్కల వెంట చీకటి పడేదాకా నడిచాను. అందుకే కొనేముందు తయారీదారు ప్రకటించిన కనీస వేగాన్ని చూడండి. ఆ తరువాత మీ తూటాలో ఆ బుల్లెట్ ఎంత దూరం వరకు ఆ వేగాన్ని నిలుపుకుంటుందో పట్టికలో చూడండి. ఆ బుల్లెట్‌కు మీ రైఫిల్‌లో అదే ఆఖరి హద్దు.

ఇక గాలి సంగతి. గురుత్వాకర్షణ వల్ల బుల్లెట్ కిందికి దిగడం ఎప్పుడూ ఒకేలా జరుగుతుంది. 200 గజాలకు గురి సరిచేసిన క్రీడ్‌మూర్ 500 దగ్గర సుమారు మూడున్నర అడుగులు దిగుతుంది; దూరం కొలిచే పరికరం, పట్టిక ఉంటే దాన్ని కచ్చితంగా సరిదిద్దుకోవచ్చు. గాలి అలా కాదు. మీ దగ్గర ఒకలా, లోయ మధ్యలో ఒకలా, జంతువు దగ్గర ఇంకోలా వీస్తుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 500 గజాల దగ్గర .308 బుల్లెట్‌ను 18, 19 అంగుళాలు పక్కకు నెడుతుంది, క్రీడ్‌మూర్‌ను 15 అంగుళాలు. 1963 నాటి .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 200 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2850 అడుగుల వేగంతో పంపినా సుమారు 14 అంగుళాలు పక్కకు పోతుంది. 2022లో వచ్చిన 7 ఎంఎం పీఆర్‌సీ 175 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3000 వేగంతో పంపి ఆ జరుగుడును 12 అంగుళాల లోపుకు తెస్తుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పు ఉంటుందనుకుంటే, గాలిని అయిదు మైళ్లు తప్పుగా అంచనా వేసినప్పుడు ఈ నాలుగింటిలో ఏదీ మిమ్మల్ని కాపాడదన్నది ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

మాగ్నమ్‌లు, అంటే .300 విన్‌చెస్టర్, పీఆర్‌సీ లాంటి ఎక్కువ మందు పట్టే తూటాలు, ఇచ్చే లాభానికి భుజం ధర చెల్లిస్తుంది. ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మూర్ వెనక్కి తన్నే శక్తి 12, 13 అడుగు-పౌండ్లు, .308 తన్నేది 16, 17. పీఆర్‌సీ 26 దగ్గరికి, .300 మాగ్నమ్ 30 దగ్గరికి వెళతాయి. అంత దెబ్బ తినే మనిషి తనకు తెలియకుండానే ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూస్తాడు, భుజం బిగిస్తాడు. పైగా రోజుకు పది తూటాలకు మించి సాధన చేయడు. సాధన చేయని చేతికి మాగ్నమ్ ఇవ్వడం దుప్పికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. బారెల్ మూతికి బ్రేక్, అంటే మందు వాయువును పక్కలకు మళ్లించే బిళ్ల, బిగిస్తే దెబ్బ తగ్గుతుంది గానీ శబ్దం చెవులను, పక్కనున్న వారి చెవులను కూడా చెడగొడుతుంది. చెవులకు రక్షణ లేకుండా దాన్ని వాడవద్దు.

కాబట్టి నా సలహా ఇది. ముందు మీ .308కే దూరానికి తగిన మంచి బుల్లెట్ ఎంచుకుని, బల్ల మీద ఆనించి కాకుండా కొండ మీద ఎలా కూర్చుంటారో, పడుకుంటారో అలాగే, చల్లని బారెల్‌తో, ఎనిమిది అంగుళాల పలక మీద కాల్చి చూడండి. రోజుకు మొదటి తూటానే లెక్కలోకి తీసుకోండి. పది రోజుల్లో పది సార్లూ పలకకు తగిలే దూరం ఏదైతే అదే మీ దూరం. అది 300 గజాలైతే కొత్త తూటా మీకు ఇచ్చేదేమీ లేదు. 400 దాటి నిలకడగా తగులుతున్నప్పుడు, వేట దుప్పుల వరకే అయితే, 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి. ఎల్క్, మూస్ వంటి భారీ జంతువులు కూడా మీ అనుమతిలో ఉంటే 7 ఎంఎం పీఆర్‌సీ మంచి ఎంపిక. అయితే ఏ తూటాలోని బుల్లెట్ అయినా 500 గజాలు చేరడానికి అర సెకనుకు పైగా పడుతుంది, క్రీడ్‌మూర్‌కు 0.64 సెకను. ఆ లోపు మేస్తున్న జంతువు ఒక అడుగు ముందుకు వేయగలదు. తల ఎత్తి, కదలబోతున్న దుప్పి మీద దూరం నుంచి కాల్చకుండా ఉండడం మీ చేతిలోనే ఉంది.

ప్రశ్న: తండ్రిగారి నుంచి వచ్చిన .270 విన్‌చెస్టర్ రైఫిల్ ఉంది. దానిలో దూరానికి పనికొచ్చే కొత్త రకం బరువైన బుల్లెట్లు వేసుకుంటే సరిపోదా?

జవాబు: చాలా సందర్భాల్లో సరిపోదు. కారణం బారెల్ లోపలి మెలిక, అంటే బుల్లెట్‌ను గింగిరాలు తిప్పే గాడుల మలుపు. 1925లో వచ్చిన .270కు సంప్రదాయంగా పది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలిక పెడుతున్నారు. అది 130 నుంచి 150 గ్రెయిన్ల బుల్లెట్లను చక్కగా నిలబెడుతుంది. అంతకంటే పొడవైన 165, 170 గ్రెయిన్ల బుల్లెట్లకు ఇంకా వేగంగా తిప్పే మెలిక కావాలి. అది లేకపోతే బుల్లెట్ గాలిలో ఊగుతుంది, అట్ట మీద గుండ్రటి రంధ్రానికి బదులు తాళం రంధ్రంలాంటి గుర్తు పడుతుంది. అదే వ్యాసపు బరువైన బుల్లెట్ల కోసమే 2021లో 6.8 వెస్టర్న్ తూటా వేగమైన మెలికతో వచ్చింది. మీ రైఫిల్‌ను మార్చకుండా 140, 145 గ్రెయిన్లలో నాణ్యమైన బుల్లెట్ వాడండి. 400 గజాల వరకు దుప్పికి అది ఏ కొత్త తూటాకూ తీసిపోదు.

ప్రశ్న: దుప్పికి 1000, ఎల్క్‌కు 1500 అడుగు-పౌండ్ల శక్తి తప్పనిసరి అంటారు. ఈ లెక్క ఎంతవరకు నిజం?

జవాబు: గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క అది, అంతకు మించి బరువు ఇవ్వకండి. జంతువు పడిపోయేది విచ్చుకున్న బుల్లెట్ గుండెను, ఊపిరితిత్తులను చీల్చుకుంటూ లోతుగా వెళ్లినప్పుడు. 1890ల నాటి 6.5×55 స్వీడిష్ తూటా మోస్తరు వేగంతోనే స్కాండినేవియాలో మూస్ వేటకు తరతరాలుగా వాడుకలో ఉంది. పొడవైన బరువైన బుల్లెట్, దగ్గరి దూరం, ఓపికగల వేటగాళ్లు దానికి తోడు. అయితే చట్టం చెప్పే అంకె వేరే విషయం. ఉదాహరణకు జర్మనీలో రో జింక కంటే పెద్ద గిట్టల జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మీటర్ల దగ్గర 2000 జౌల్స్ శక్తి ఉండాలి. మీరు వేటాడే చోట చట్టం ఏమి కోరుతుందో తూటా కొనకముందే చూసుకోండి.

ప్రశ్న: కొండ ఎక్కడానికి తేలికగా ఉంటుందని 24 అంగుళాలకు బదులు 20 అంగుళాల బారెల్ తీసుకోవచ్చా?

జవాబు: క్రీడ్‌మూర్‌లో అయితే తీసుకోవచ్చు. బారెల్ తగ్గిన ప్రతి అంగుళానికి 20 నుంచి 30 అడుగుల వేగం పోతుంది. నాలుగు అంగుళాలకు దాదాపు 100 అడుగులు. అంటే బుల్లెట్ విచ్చుకునే ఆఖరి హద్దు సుమారు 75 గజాలు దగ్గరికి వస్తుంది. మీ దూరం 350 గజాలైతే ఆ నష్టం మీ వేట దాకా చేరదు. మాగ్నమ్‌లో మాత్రం పొట్టి బారెల్ వద్దు. అంత మందు ఆ కొద్ది పొడవులో పూర్తిగా పనికి రాక, వేగానికి బదులు మూతి దగ్గర మంటగా, మోతగా పోతుంది.