‘వాడు’ అని రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికా నల్లజాతి రచయిత ఎర్నెస్ట్ గెయిన్స్ నవల ‘ఎ లెసన్ బిఫోర్ డయింగ్’కు నువ్వు చేస్తున్న తెలుగు అనువాదంలో మొదటి ఆరు అధ్యాయాలు అందాయి. మొదటిసారి మూలం జోలికి పోకుండా, తెలుగు నవల చదివినట్టే చదివాను. రెండోసారి మూలాన్ని పక్కన పెట్టుకుని, పెన్సిలు చేతబట్టి చదివాను. వాక్యాలు ఎక్కడా తడబడకుండా సాగుతున్నాయి, పాత్రల మాటల్లో ప్రాణం ఉన్నది. పనిని నువ్వు మనసు పెట్టి చేస్తున్నావని తెలుస్తున్నది కనుకనే, కాస్త కటువుగా అనిపించినా కొన్ని మాటలు దాచుకోకుండా రాస్తున్నాను.

నా పెన్సిలు గుర్తులు ఎక్కువగా పడింది సర్వనామాల మీద. మొదటి అధ్యాయంలోని కోర్టు దృశ్యాన్నే మళ్ళీ తీసి చూడు. న్యాయమూర్తిని ‘ఆయన’ అన్నావు, ప్రాసిక్యూటరును ‘ఆయన’ అన్నావు, చనిపోయిన తెల్ల దుకాణదారును కూడా ‘ఆయన’ అన్నావు. తాను చేయని హత్యకు బోనులో నిలబడ్డ నల్లజాతి యువకుడు జెఫర్‌సన్ మాత్రం నీ అనువాదంలో ‘వాడు’ అయ్యాడు. ఇంగ్లీషులో ఆ నలుగురికీ ఉన్నది ఒకే మాట, ‘హి’. అందరికీ ఒకే సర్వనామం వాడే భాషలో గెయిన్స్ రాశారు, మనిషిని ముందు తూచి ఆ తరువాత సర్వనామం ఎంచుకునే భాషలో నువ్వు రాస్తున్నావు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలు చట్టం పెట్టి చేసిన విభజనను మన వ్యాకరణం మనకు తెలియకుండానే చేసేస్తుంది. ఈ నవలకు తెలుగులో జరగగల అన్యాయాలన్నిటిలోకీ పెద్దది ఇదేనని నా నమ్మకం.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అమెరికా దక్షిణాది కథ ఒకటి అనువదించి ఒక పత్రికకు పంపాను. అందులో పత్తి చేలో పనిచేసే డెబ్భై ఏళ్ళ నల్లజాతి వృద్ధుడు ఉన్నాడు. కథ అచ్చయిన వారానికి, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నా విద్యార్థి ఒకడు పత్రిక మడిచి పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. “మాస్టారూ, ఆ ముసలాయన్ను ‘వాడు’ అని రాశారు. ఇంగ్లీషులో అలాగే ఉందా?” అని అడిగాడు. ‘హి’ అని ఉన్నదని చెప్పాను. “అయితే ‘వాడు’ మీదన్నమాట” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. తన తండ్రిని ఊళ్ళో చిన్న పిల్లలు సైతం ‘వాడు’ అనడం విని పెరిగిన పిల్లవాడని నాకు ఆ తరువాత తెలిసింది. నలభై ఏళ్ళు దాటినా, కలం పట్టినప్పుడు ఆ గుమ్మమే నా కళ్ళ ముందు ఉంటుంది.

కనుక కథ చెప్పే నల్లజాతి బడిపంతులు గ్రాంట్ గొంతులో తెల్లవారికీ నల్లవారికీ ‘అతను’ అన్న ఒకే మాటను మొదటి పుట నుంచి చివరి పుట దాకా నిలిపి ఉంచు. పాత్రలు ఒకరి గురించి ఒకరు మాట్లాడేటప్పుడు మాత్రం ఎవరి నోట ఏది రావాలో అదే రానివ్వు. పెంచిన తల్లి మిస్ ఎమ్మా ‘మావాడు’ అంటే అందులో ప్రేమ ఉంటుంది, ప్రాసిక్యూటరు ‘వీడు’ అంటే అందులో తిరస్కారం ఉంటుంది. రెండూ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలే అయినా వినిపించే తేడాను తెలుగు పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. ఇంగ్లీషుకు లేని ఆ సౌకర్యాన్ని వదులుకోవద్దు. ఇంకొక ఆశ కూడా నీకు కలగవచ్చు: మొదట్లో ‘వాడు’తో ప్రారంభించి, జెఫర్‌సన్ మరణశిక్షకు ధైర్యంగా నడిచి వెళ్ళే చివరి ఘట్టంలో ‘ఆయన’కు మారిస్తే ఎంతో గంభీరంగా ఉంటుందని. దయచేసి ఆ పని చేయకు. అలా చేస్తే అతను మనిషిలా చనిపోవడమనే పాఠం గ్రాంట్ దగ్గర నేర్చుకున్నాకనే మనిషి అయ్యాడని, అంతకు ముందు కాదని మనమే తీర్పు చెప్పినట్టు అవుతుంది. అతని మనిషితనం మొదటి నుంచీ ఉన్నదే, దానిని కాదన్నది కోర్టు.

ఆ కాదనడం ఎలా జరిగిందో కూడా జాగ్రత్తగా చూడు. జెఫర్‌సన్‌ను పంది అన్నది ప్రాసిక్యూటరు కాదు, అతని ప్రాణం కాపాడవలసిన సొంత వకీలు. తెలుగులో ‘పంది’ రోజుకు పదిసార్లు వినిపించే తిట్టు, కోపం చల్లారితే మరిచిపోయే మాట. వకీలు మాత్రం తిట్టడం లేదు, వాదిస్తున్నాడు. పథకం వేసే బుద్ధి ఈ జీవికి లేదు కనుక నేరం అంటగట్టలేరు, పందిని తెచ్చి విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టడమూ ఇతన్ని కూర్చోబెట్టడమూ ఒకటే అన్నది అతని తర్కం. నువ్వు దానిని ‘పంది లాంటి వాడు’ అని పోలికగా మార్చావు. ఆ ‘లాంటి’ని తీసెయ్యి. వకీలు ప్రసంగమంతా మర్యాద గల కోర్టు తెలుగులో సాగాలి, ఆ మెత్తని మాటల నడుమ ఆ ఒక్క మాట ఏ విశేషణమూ లేకుండా పడాలి. అప్పుడే, తరువాత జైలు గదిలో జెఫర్‌సన్ చేతులు వాడకుండా నేలమీదికి వంగి తిండి తినే దృశ్యం పాఠకుడి గుండెలో దిగుతుంది.

పిలుపుల సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవలసినది. ఆ రోజుల్లో దక్షిణాదిన తెల్లవారు నల్లజాతి పెద్దవారిని ‘మిస్టర్’, ‘మిసెస్’ అని పిలిచేవారు కాదు. అరవై ఏళ్ళ మనిషిని ‘బాయ్’ అనేవారు, వృద్ధురాలిని ‘ఆంటీ’ అనేవారు. నువ్వు ‘బాయ్’ని ‘అబ్బాయ్’ అని రాశావు. మన చెవికి అది ముద్దు మాట. ‘ఒరేయ్’ అని రాయి, పిలవబడుతున్న మనిషి నెరసిన తల ఆ పక్క వాక్యంలోనే కనబడేటట్టు చూడు. ‘ఆంటీ’ని అలాగే ఉంచితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మన పట్నాల్లో అది గౌరవం. అక్కడ మాత్రం గౌరవం ఇవ్వకుండా తప్పించుకోవడానికి కనిపెట్టిన వరుస అది. ఒక పిలుపు కోసం ఎంత దూరం పోవలసి వచ్చిందో తెలియడానికి మేరీ హామిల్టన్ కేసు చాలు. 1963లో అలబామాలోని గాడ్స్‌డెన్ కోర్టులో ప్రభుత్వ న్యాయవాది ఆమెను ‘మేరీ’ అని పిలిస్తే, ‘మిస్ హామిల్టన్’ అంటే తప్ప జవాబు చెప్పనని ఆమె నిలబడింది. కోర్టు ధిక్కారమని ఆమెకు జైలు శిక్షా జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ‘గారు’ అన్న రెండక్షరాల విలువ తెలిసిన మనవాళ్ళకు దీనిని విడమరిచి చెప్పనక్కర లేదు.

అదే విధంగా ‘ఎస్ సర్’కు నువ్వు వాడిన ‘బాంచన్ దొరా’ను మార్చు. ఆ మాట వినగానే పాఠకుడికి తెలంగాణ గడీ, వెట్టి, సాయుధ పోరాటం కళ్ళకు కడతాయి, లూసియానా మాయమవుతుంది. ‘అయ్యా’ సరిపోతుంది. నల్లజాతి పాత్రల మాటను శ్రీకాకుళం యాసలోకో పాలమూరు యాసలోకో దించాలన్న ఆలోచన కూడా మానుకో. ప్రతి యాసకూ సొంతదారులు ఉన్నారు, వారి మాటను అణగారినవారికి గుర్తుగా మనం అరువు తెచ్చుకోకూడదు. వాక్యాల పొట్టితనంతో, పునరుక్తితో, వాడుక క్రియలతో ఆ నుడికారం తీసుకురావచ్చు. గెయిన్స్ 1933లో లూసియానాలోని ఒక తోటల ఎస్టేట్ మీదనే పుట్టారు, చిన్నతనంలో అక్కడి చదువురాని పెద్దవారికి ఉత్తరాలు రాసిపెట్టేవారు. వారి మాట వారు చెప్పినట్టే కాగితం మీద పెట్టడం ఆయన నేర్చుకున్నది అక్కడ. ఆయన సంభాషణలను కంటితో చదివి ఊరుకోకుండా పైకి చదివి విను.

ఆరో అధ్యాయంలో నువ్వు గమనించకుండా దాటిపోయిన ఒక చిన్న ముడి ఉన్నది. తెల్ల భూస్వామి ఇంటి వెనుక గుమ్మం నుంచి వచ్చి, వంటింట్లో గంటల తరబడి నిలబడి ఎదురుచూసిన గ్రాంట్, షెరీఫుతో మాట్లాడుతూ ‘డజంట్’ అంటాడు. ‘డోంట్’ అని తప్పుగా అనవలసింది, మరీ తెలివి చూపించానని వెంటనే అనుకుంటాడు. చదువుకున్న మనిషి సరైన వ్యాకరణం మాట్లాడడమే అక్కడ ధిక్కారం. నువ్వు రెండింటికీ ‘లేదు’ అని రాసి ముందుకు పోయావు. గ్రాంట్ చేత ‘ఆమె అలా భావించడం లేదు’ అని పుస్తకంలో మాటలా పలికించు. షెరీఫు ఆ ‘భావించడం’ అన్న మాటనే నోట్లో నానబెట్టి తిరిగి అడగాలి. పాఠకుడికి ఆ గదిలోని భయం అందడానికి అంతే చాలు.

నల్లజాతివారిని తిట్టే ఆ మాట విషయంలో నువ్వు సలహా అడిగావు. దానికి తెలుగులో సమానం లేదు, వెతకవద్దు కూడా. మన కులం తిట్లలో ఒకదానిని అక్కడ పెడితే బలంగా ఉంటుందని నీకు ఎవరో చెప్పారన్నావు. ఆ తిట్టు తిన్నవారు నీ పాఠకుల్లో ఉన్నారు, వారి గాయం మన అనువాదానికి పనిముట్టు కాకూడదు. ఆ మాటను తెలుగు లిపిలో అలాగే, అనే పాత్ర నోట మాత్రమే ఉంచు. ‘నీగ్రో’ మాట వేరు. ఈ రోజు మన చెవికి అది మొరటుగా తగులుతుంది కానీ, ఆనాడు నల్లజాతివారు కోరి నిలబెట్టుకున్న మర్యాద మాట అది. దానిని ఇంగ్లీషు పెద్దక్షరంతో (క్యాపిటల్ ‘ఎన్’తో) అచ్చు వేయించడానికి ఏళ్ళ తరబడి పోరాడితే 1930లో న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకున్నది. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కనుక ముందుమాటలో రెండు వాక్యాలు రాయి.

ముందుమాట అంటే గుర్తుకు వచ్చింది. మనవాళ్ళలో చాలామంది అమెరికా నల్లజాతి కథను అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి గారి అనువాదం ‘ఏడు తరాలు’ ద్వారా తెలుసుకున్నవారే, బానిసత్వం రద్దవడంతో కథ ముగిసిందనుకునేవారు కూడా తక్కువేమీ కాదు. 1865 తరువాత ఏమైందో వారికి క్లుప్తంగా చెప్పు. నల్లవారినీ తెల్లవారినీ విడిగా ఉంచినా సమానమేనని 1896లో సుప్రీంకోర్టు ముద్ర వేసిందని, 1954లో బడుల విషయంలో ఆ సూత్రాన్ని అదే కోర్టు తోసిపుచ్చిందని, ఈ కథ ఆ రెండు తీర్పుల నడుమ 1940ల చివర నడుస్తుందని చెప్పు. మరీ ముఖ్యంగా జ్యూరీ సంగతి, అంటే కోర్టులో నేరం తేల్చే పౌరుల బృందం సంగతి వివరించు. ఓటు పన్నుతో, అక్షరాస్యత పరీక్షలతో ఓటర్ల జాబితా నుంచి నల్లవారిని తొలగించేవారు, ఆ జాబితా నుంచే చాలాచోట్ల జ్యూరీని ఎంచేవారు. జ్యూరీల నుంచి వారిని ఒక పద్ధతిగా వెలివేయడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో ఒక అలబామా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత కూడా ఆ రివాజు పోలేదు. ఇది తెలిస్తే పన్నెండుమంది తెల్ల మగవారు వరుసగా కూర్చున్నారన్న వాక్యం దగ్గరే తీర్పు పాఠకుడికి వినబడిపోతుంది. విద్యుత్ కుర్చీని లారీ మీద ఊరూరికీ తీసుకువెళ్ళడం కల్పన కాదని, లూసియానాలో నిజంగా జరిగినదని కూడా ఒక మాట రాయి. 1946లో విల్లీ ఫ్రాన్సిస్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రవాడిని అటువంటి కుర్చీలోనే కూర్చోబెడితే కరెంటు చంపలేకపోయింది. సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో అనుమతి ఇవ్వగా, 1947లో మళ్ళీ కూర్చోబెట్టి చంపారు.

మన రెండు గ్లాసుల పద్ధతినీ మన ఊళ్ళనూ ముందుమాటలోకి తేవద్దు. తెలిసినవారు తమంతట తామే పోల్చుకుంటారు, వారి తరఫున మనం పోల్చిపెట్టడం ఆ రెండు చరిత్రలకూ మర్యాద కాదు.

ఇక జెఫర్‌సన్ నోట్‌బుక్కు అధ్యాయం. దానికి నువ్వు ఇప్పటి నుంచే భయపడుతున్నావు, ఆ భయం మంచిదే. ఏడాదికి ఐదారు నెలలు మాత్రమే నడిచే చర్చి బడిలో చదువుకున్న మనిషి, చుక్కలూ కామాలూ లేకుండా, విన్నది విన్నట్టు రాసుకున్న రాత అది. తెలుగులో అటువంటి మనిషి ఎక్కడ తప్పుతాడో ముందు నిర్ణయించుకో. నాలుకకు లేని ఒత్తక్షరాలు రాతలోనూ ఉండవు, ‘భయం’ ‘బయం’ అవుతుంది, ‘ధైర్యం’ ‘దైర్యం’ అవుతుంది. పెట్టుకున్న ఆ నియమాన్ని చివరి వాక్యం దాకా తప్పవద్దు. తప్పుల వల్ల పాఠకుడు నెమ్మదించాలే తప్ప నవ్వకూడదు. ఎక్కడైనా నవ్వు వచ్చే అవకాశం ఉంటే ఆ తప్పును దిద్దెయ్యి. గ్రాంట్ తెచ్చి ఇచ్చిన పుస్తకంలో జెఫర్‌సన్ పెన్సిలుతో రాశాడు. ఆ అధ్యాయాన్ని నువ్వు కూడా కంప్యూటరు మీద మొదలుపెట్టకుండా, గీతల నోట్‌బుక్కు కొనుక్కుని పెన్సిలుతోనే రాయి. సాపు చేయకుండా, కొట్టివేతలతో సహా ఆ పుస్తకాన్నే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు