లేహ్‌లో దిగిన మర్నాడే పాంగాంగ్ వద్దు

ప్రశ్న: జూన్‌లో హైదరాబాద్ నుంచి విమానంలో లేహ్ వెళ్తున్నాం. ఆరేళ్ల పాప, బీపీ, షుగర్ ఉన్న మా అమ్మ (66) కూడా వస్తున్నారు. మర్నాడే పాంగాంగ్ సరస్సుకు వెళ్లి రాత్రి టెంట్‌లో ఉంటాం. ఆక్సిజన్ క్యాన్లు ఎన్ని కొనాలి? ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర అందరం వేసుకోవచ్చా?

జవాబు: క్యాన్ల సంగతి తర్వాత, ముందు ఆ మర్నాటి ప్రయాణం మార్చండి. హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైచిలుకు, లేహ్ సుమారు 3,500, పాంగాంగ్ 4,200 దాటుతుంది. లేహ్‌లోనే మనకు ఇక్కడ అందే ఆక్సిజన్‌లో దాదాపు మూడింట రెండు వంతులే అందుతుంది. అమ్మగారు ఉన్నారు కాబట్టి మూడు రాత్రులు లేహ్‌లోనే పడుకోండి, మొదటి రోజు గది దాటొద్దు. ఆ సరస్సు నీలం చూసి తీరాల్సిందే, నేనూ కాదనను, కానీ అక్కడ ఎవరికైనా బాగోకపోతే లేహ్‌కు తిరిగి రావడానికి మళ్లీ 5,300 మీటర్ల పైన ఉన్న చాంగ్ లా కనుమ ఎక్కి దిగాలి, అయిదు గంటల దారి. అందుకే అమ్మగారిని రాత్రి అక్కడ ఉంచొద్దనే అంటాను.

నాకు ఎక్కువ భయం దేనికంటే, తలనొప్పి, వికారం మొదలవగానే మనవాళ్లు "ప్రయాణం బడలిక, గ్యాస్" అనుకుని ఓ మాత్ర వేసి మళ్లీ కారెక్కించేస్తారు, డబ్బు కట్టేశాం కదా అని. దయచేసి ఆ పని చేయకండి. తలనొప్పి ఉన్నంతసేపూ పైకి వెళ్లకూడదు. పాప సరిగ్గా చెప్పలేకపోవచ్చు, ఇష్టమైన మ్యాగీ కూడా ముట్టకుండా, ఆడకుండా ఒళ్లో ముడుచుకుంటే ఎత్తు వల్లేనని అనుకోండి. కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, తాగినవాళ్లలా తూలడం, అయోమయం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, దగ్గర్లో ఎక్కడ ఆక్సిజన్ దొరికితే అక్కడ పెట్టించి, ఆసుపత్రికి, కిందికి తీసుకెళ్లాలి. చిన్న క్యాన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

డయామాక్స్ వాట్సాప్‌లో చూసి వేసుకునే మాత్ర కాదు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు, పిల్లలకు బరువును బట్టి డోసు. అమ్మగారిని చూడకుండా నేను ఇక్కడ రాయలేను. రెండు వారాల ముందే ఆవిడ డాక్టర్‌కు చూపించి ఈసీజీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. నిద్ర పట్టలేదని నిద్రమాత్రలు వేయకండి, మద్యం జోలికి మీరూ వెళ్లకండి. ఇన్సులిన్ వాడుతుంటే గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, ఆవిడ మాత్రలన్నీ చేతి సంచిలోనే ఉంచండి.