పాఠకుల ప్రశ్నలు - జవాబులు: విరార్ దాటిన లోకల్ రైలు

ప్రశ్న: ముంబయి పశ్చిమ మార్గంలో చర్చ్‌గేట్ నుంచి విరార్ వరకు నిమిషాల తేడాతో లోకల్ రైళ్లు నడుస్తాయి. 2013లో ఆ సర్వీసులను దహాను రోడ్ వరకు పొడిగించారు. అయినా విరార్ అవతల ఉన్న మేము ఒక రైలు తప్పితే మరో రైలు కోసం చాలాసేపు ఎదురుచూడవలసి వస్తోంది. పట్టాలున్నాయి, కరెంటుంది, ఎక్కేవాళ్లూ ఉన్నారు. మరి రైళ్లు ఎందుకు పెంచరు? (బోయిసర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పట్టాలున్న మాట నిజమే కాని, అవి ఎన్ని ఉన్నాయన్నదే ఇక్కడ అసలు సంగతి. చర్చ్‌గేట్ నుంచి విరార్ వరకు గల 60 కిలోమీటర్లలోనూ కనీసం నాలుగు లైన్లున్నందువల్ల ఫాస్ట్ లోకళ్లు, స్లో లోకళ్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా సాగిపోతాయి. విరార్ దాటిన తర్వాత దహాను రోడ్ వరకు సుమారు 64 కిలోమీటర్ల దూరానికి, రాకకు ఒకటి, పోకకు ఒకటి చొప్పున రెండే లైన్లతో ఈ పొడిగింపు మొదలైంది. గుజరాత్‌కు, ఢిల్లీకి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు, ప్రతి స్టేషన్లోనూ ఆగే మీ లోకల్ అన్నీ వాటి మీదే నడవాలి. ఆగి ఆగి వెళ్లే రైలును ఒకదాన్ని అదనంగా వేయాలంటే దాని వెనుక వచ్చే వేగమైన రైళ్లను దూరంగా ఉంచాలి, లేదా లోకల్‌నే పక్క లైనులో నిలబెట్టి వాటిని ముందు పోనివ్వాలి. ఈ రెండో పద్ధతిలో ఆలస్యం ఎవరి వంతుకు వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకే నా దృష్టిలో 2013 ఏప్రిల్‌లో జరిగింది సర్వీసుల పొడిగింపే తప్ప లైను విస్తరణ కాదు. ఆ పొడిగింపు కూడా అంత ఆలస్యం కావడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. విరార్ ఇవతల రైళ్లు 1,500 వోల్టుల డీసీ విద్యుత్తుతో, అవతల 25,000 వోల్టుల ఏసీ విద్యుత్తుతో నడిచేవి. దూరప్రాంత రైళ్లకు రెండింటితోనూ పనిచేసే ఇంజన్లు ఉండేవి కాని, డీసీ కోసమే తయారైన లోకల్ రైళ్లు విరార్ దాటలేకపోయేవి. పశ్చిమ మార్గాన్ని పూర్తిగా ఏసీ విద్యుత్తుకు మార్చే పని 2012 ఫిబ్రవరిలో ముగిసింది. ఏడాది తిరిగాక దహాను లోకల్ బయలుదేరింది.

అసలైన విస్తరణ అంటే విరార్–దహాను మధ్య మరో రెండు లైన్లు వేసి, లోకళ్లను దూరప్రాంత రైళ్ల నుంచి వేరు చేయడం. ముంబయి పట్టణ రవాణా పథకం మూడో దశలో భాగంగా దీనికి 2016లో ఆమోదం లభించింది. రైల్వే, మహారాష్ట్ర ప్రభుత్వం కలిసి 1999లో నెలకొల్పిన ముంబయి రైల్వే వికాస్ కార్పొరేషన్ ఈ పనిని చేపట్టింది. ఉన్న లైను పక్కనే మరో రెండు వేయడం సులువని అనిపించవచ్చు. అయితే దారిలో వైతరణ నది ఉంది, ఖాడీలు (సముద్రపు పాయలు) ఉన్నాయి, వాటి ఒడ్డున మడ అడవులున్నాయి. మడ చెట్లను ప్రజాప్రయోజనం కోసం నరకాలన్నా బొంబాయి హైకోర్టు అనుమతి తప్పనిసరి. నడుస్తున్న రైళ్లను ఆపకుండా, రాత్రి దొరికే కొద్ది గంటల్లోనే పాత లైనుకు కొత్త లైనును కలుపుతూ పనిచేయాలి. ఇవన్నీ తెలిసిన కారణాలే కాబట్టి, ప్రతి గడువు దాటినప్పుడూ వాటిని కొత్తగా ఎదురైన అడ్డంకులుగా చెప్పడం మాత్రం సమంజసం కాదు.

ప్రశ్న: నాలుగు లైన్లు పూర్తయితే దహాను నుంచి చర్చ్‌గేట్‌కు నేరుగా ఎన్ని రైళ్లయినా వేయవచ్చు కదా?

జవాబు: వేయలేరు. చర్చ్‌గేట్‌లో లోకళ్లకు ఉన్నవి నాలుగు ప్లాట్‌ఫాంలు. అది ఆఖరి స్టేషను కాబట్టి వచ్చిన ప్రతి రైలూ అక్కడ ఖాళీ అయి, మళ్లీ నిండి, వెనక్కి కదిలేదాకా ప్లాట్‌ఫాం దొరకదు. రద్దీ వేళల్లో దహాను నుంచి ఒక రైలు నేరుగా రావాలంటే విరార్ నుంచో బోరివలి నుంచో వచ్చే మరో రైలు తన చోటును వదులుకోవాలి. ఆ పని ఏ అధికారీ సంతోషంగా చేయడు. కనుక కొత్త లైన్ల వల్ల ముందుగా మేలు జరిగేది దహాను–విరార్ మధ్య తిరిగే రైళ్లకే. అక్కడ రైలు మారవలసి రావడం ఇబ్బందే అయినా, తరచుగా దొరికే రైలు మారడం, అరుదుగా వచ్చే నేరు రైలు కోసం కాచుకోవడం కన్నా మెరుగని నా అభిప్రాయం.

రైళ్ల సంఖ్య పెంచలేనప్పుడు వాటి పొడవు పెంచడం మరో మార్గం. 12 బోగీల రైలును 15 బోగీలకు పెంచితే అదే చోటులో నాలుగో వంతు ఎక్కువ మంది ప్రయాణించవచ్చు. పశ్చిమ మార్గంలో 15 బోగీల రైళ్లు 2009లో మొదలయ్యాయి. అయితే ఆగే ప్రతి స్టేషన్లోనూ ప్లాట్‌ఫాం పొడిగించాలి, సిగ్నళ్లు జరపాలి. అందుకే మొదట తక్కువ చోట్ల ఆగే ఫాస్ట్ లోకళ్లకు, చాలా ఏళ్ల తర్వాత 2021లో అంధేరి–విరార్ స్లో లోకళ్లకు ఆ సదుపాయం వచ్చింది.

ప్రశ్న: విరార్‌కు లోకల్ రైలు ఎప్పటి నుంచి ఉంది?

జవాబు: 1867 ఏప్రిల్ నుంచి. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే అప్పుడు విరార్, దక్షిణ బొంబాయిలోని బ్యాక్‌బే మధ్య రోజుకు ఒక రైలు చొప్పున నడిపేది. అప్పటి చివరి స్టేషను కొలాబా నుంచి బోరివలి వరకు విద్యుత్ రైళ్లు 1928 జనవరిలో వచ్చాయి. 1930 ఆఖరులో కొలాబా స్టేషను మూతపడడంతో చర్చ్‌గేట్ ఈ మార్గానికి చివరి స్టేషను అయింది. విద్యుత్ లైను విరార్‌కు చేరింది 1936లో.