టాబ్ మీటను మన అలవాటుకు మలచుకోవడం

ప్రశ్న: నేను ఉబుంటులో, ఆజ్ఞలు టైపు చేసి పని చేయించుకునే బ్యాష్ అనే షెల్ వాడుతున్నాను. నా ఫైళ్ల పేర్లన్నీ పెద్ద 'ఆర్'తో రాసిన 'రిపోర్ట్' అనే మాటతోనే మొదలవుతాయి. చిన్న 'ఆర్' కొట్టి టాబ్ నొక్కితే ఏమీ రాదు. పెద్ద 'ఆర్' కొడితే 'రిపోర్ట్' వరకు నింపి ఆగిపోతుంది. మరో రెండుసార్లు నొక్కితే గానీ జాబితా కనబడదు. నా స్నేహితురాలి కంప్యూటర్‌లో మాత్రం నొక్కిన కొద్దీ ఒక్కో పేరు మారుతూ వస్తుంది. నాకూ అలా కుదురుతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా కుదురుతుంది. బ్యాష్‌లో టాబ్ నొక్కినప్పుడు పేర్లు నింపే పని చూసేది రీడ్‌లైన్ అనే లైబ్రరీ; మీరు చెప్పినది దాని సహజమైన తీరే. దాన్ని మార్చాలంటే మీ హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే 'ఇన్‌పుట్‌ఆర్‌సీ' అనే ఫైలు ఉండాలి. ఆ ఫైలు మొదటి వరుసలో డాలర్ గుర్తు, దాన్ని ఆనుకొని 'ఇన్‌క్లూడ్' అనే మాట, ఆ పక్కన 'ఈటీసీ' డైరెక్టరీలోని ఇన్‌పుట్‌ఆర్‌సీ దారి రాయండి. మీ సొంత ఫైలు కనబడగానే రీడ్‌లైన్ సిస్టమ్ ఫైలు జోలికి వెళ్లదు కనుక, ఈ వరుస మరిచిపోతే అందులో ముందే అమర్చి ఉన్న మీటల సౌకర్యాలు పోవచ్చు.

తరువాత 'సెట్ కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్' అని ఒక వరుస రాస్తే చిన్న, పెద్ద అక్షరాల పేచీ తీరిపోతుంది. 'సెట్ షో-ఆల్-ఇఫ్-యాంబిగ్యుయస్ ఆన్' అని మరొకటి రాస్తే మొదటి నొక్కుకే జాబితా వస్తుంది. మీ ఇబ్బందిలో ముప్పాతిక వంతు ఈ రెంటితోనే పోతుంది.

ఇక పేర్లు మారుతూ రావడానికి 'మెనూ-కంప్లీట్' అనే ఆజ్ఞ ఉంది. చాలామంది దాన్ని నేరుగా టాబ్‌కే కట్టేస్తారు గానీ, నేను ఆ సలహా ఇవ్వను. అలా కట్టినప్పుడు మొదటి నొక్కుకే జాబితాలోని మొదటి పేరు పూర్తిగా వచ్చి కూర్చుంటుంది. మీరు ఫైళ్లను చెరిపే 'ఆర్ఎం' ఆజ్ఞ కొట్టి, టాబ్ నొక్కి, అలవాటు కొద్దీ ఎంటర్ కూడా నొక్కారంటే జనవరి రిపోర్టుకు బదులు ఏప్రిల్‌ది చెరిగిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకునే దారి షెల్‌లో లేదు. అందుచేత టాబ్‌ను ఉన్నట్టే ఉంచి, 'మెనూ-కంప్లీట్'ను అదే ఫైలులో మరో వరుసతో షిఫ్ట్-టాబ్‌కు కట్టుకోండి. ఎస్కేప్ సంకేతం, ఎడమ చదరపు బ్రాకెట్, పెద్ద 'జెడ్' కలిస్తే రీడ్‌లైన్‌కు షిఫ్ట్-టాబ్ అని అర్థం.

ఫైలు భద్రపరిచాక కంట్రోల్ పట్టుకొని ఎక్స్, ఆర్ వరుసగా నొక్కితే, తెరిచి ఉన్న టెర్మినల్‌లోనే మార్పులు అమలవుతాయి. మీ స్నేహితురాలిది మ్యాక్ అయితే ఆమె వాడుతున్నది జెడ్-షెల్ కావచ్చు, 2019 నుంచి మ్యాక్‌లలో మామూలుగా వచ్చేది అదే. అది రీడ్‌లైన్ వాడదు కనుక ఈ ఫైలు అక్కడ పనిచేయదు.