కర్క్యుమిన్ ఎస్.ఎల్.ఎన్. వయల్ అడుగున పసుపు మడ్డి ఎందుకు దిగుతోంది?

మీ ప్రశ్న ఇదీ: చర్మానికి రాసే జెల్ కోసం, పసుపుకు రంగునిచ్చే పదార్థమైన కర్క్యుమిన్‌తో సాలిడ్ లిపిడ్ నానోపార్టికల్స్ (ఎస్.ఎల్.ఎన్., అంటే మందును లోపల పెట్టుకునే అతి సన్నటి ఘన కొవ్వు కణాలు) చేశారు. కణాల సైజు, ఎంట్రాప్‌మెంట్ (కణాల లోపల చేరిన మందు శాతం) రెండూ బాగా వచ్చాయి. మూడు వారాలకు వయల్ అడుగున పసుపు మడ్డి దిగింది. సోనికేషన్ (ధ్వని తరంగాలతో కణాలను సన్నగా చేయడం) టైమ్ పెంచాలా అని అడిగారు.

పెంచకండి. నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టులో అచ్చం ఇదే జరిగింది. గ్లిసరిల్ మోనోస్టియరేట్ అనే ఘన కొవ్వు, దాన్ని నీళ్లలో కలిపి ఉంచే సర్ఫాక్టెంట్ ట్వీన్ 80, కర్క్యుమిన్, నా ఫార్ములా అంతే. మొదటి రోజు పసుపు కలిపిన పాలలా ముచ్చటగా ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లొచ్చి చూస్తే అడుగున నారింజ రంగు గీత. ఒక చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే సన్నటి సూదులు, గుత్తులు గుత్తులుగా. కొవ్వులోంచి బయటికి వచ్చేసిన కర్క్యుమిన్ స్ఫటికాలవి. మీరూ ముందు ఆ పని చేయండి. సూదులు కాకుండా ఆకారం లేని గడ్డలు కనబడితే కణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నట్టు, అప్పుడు సర్ఫాక్టెంట్ సంగతి చూసుకోవాలి.

సూదులే అయితే కారణం కొవ్వులో ఉంది. కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారుతూ పూస కట్టడం ఇంట్లో చూసే ఉంటారు. మన కొవ్వుదీ అదే గుణం. వేడి మీంచి దించి చల్లార్చగానే అణువులు ఎలా పడితే అలా గడ్డకడతాయి, ఆ సందుల్లో కర్క్యుమిన్ ఒదుగుతుంది. రోజులు గడిచేకొద్దీ అవి సర్దుకుని వరసలో చేరతాయి. సందులు మూసుకుపోయి మందు బయటికి నెట్టుకొస్తుంది. సోనికేటర్ ఎంతసేపు నడిపినా ఈ సర్దుబాటు ఆగదు, పైగా దాని ప్రోబ్ (ద్రవంలో ముంచే లోహపు కడ్డీ) నుంచి టైటానియం పొడి రాలి కలుస్తుంది.

1990ల మొదట్లో బెర్లిన్‌లో రైనర్ ముల్లర్, టురిన్‌లో మరియా గాస్కో అనే శాస్త్రవేత్తలు ఈ ఘన కొవ్వు కణాల మీద పనిచేశారు. ఈ చిక్కుకు విరుగుడుగానే ఆ దశకం చివర్లో ఘన కొవ్వులో కొంత నూనె కలిపే పద్ధతి వచ్చింది. అదే ఎన్.ఎల్.సి. (నానోస్ట్రక్చర్డ్ లిపిడ్ క్యారియర్). నూనె మధ్యలో ఉంటే కొవ్వు అణువులకు వరస కుదరదు, మందుకు చోటు మిగులుతుంది. నేను కాంప్రిటాల్ అనే మరో ఘన కొవ్వుకి మారి, మొత్తం కొవ్వులో 30 శాతం ఓలియిక్ యాసిడ్ అనే నూనె పెట్టాను. కరిగే ఉష్ణోగ్రత మీద 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువగా వేడిచేసి, నీళ్ల భాగాన్ని కూడా అదే వేడిలో ఉంచి కలపాలి. ఆ బ్యాచ్‌లో సూదులు రాలేదు.

ఇంకోటి, దీని దగ్గర నేను గట్టిగా దెబ్బతిన్నాను. మీ ఎంట్రాప్‌మెంట్ అంకెను మళ్లీ చూసుకోండి. సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నీళ్లలో ఉన్న మందును మొత్తంలోంచి తీసేసి లెక్కగట్టారా? కర్క్యుమిన్ నీళ్లలో కరగదు కదా, కొవ్వులో చేరనిది కూడా కణాలతోపాటు అడుక్కే పోతుంది. పైన మందే కనబడదు, లెక్కలో అంతా లోపలే ఉన్నట్టు వస్తుంది. నేనా అంకెను సంబరంగా మా సార్‌కి చూపించాను కూడా. ముందు తక్కువ వేగంతో తిప్పి స్ఫటికాలను దించేసి, పైన మిగిలిన పాలలాంటి ద్రవంలో ఎంత మందుందో కొలవండి.

చర్మంలోంచి మందు ఎంత దాటుతుందో కొలిచే ఫ్రాంజ్ సెల్‌లో, చర్మం కింద ఉండే రిసెప్టర్‌కి ఉత్త ఫాస్ఫేట్ బఫర్ వాడొద్దు. పీహెచ్ 7.2 దగ్గర, 37 డిగ్రీల్లో కర్క్యుమిన్ అరగంటలోనే 90 శాతం దాకా విరిగిపోతుంది. ట్వీనో, ఇథనాలో కలపాలి. వెలుతురుకూ పాడవుతుంది కాబట్టి వయల్‌కి ఫాయిల్ చుట్టండి.

రిసెప్టర్‌లో మందు దాదాపు కనబడకపోయినా కంగారుపడకండి. మనకు కావలసింది చర్మంలో నిలవడం, దాటిపోవడం కాదు. చర్మం పైపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే అయినా, అందులోంచి 200 నానోమీటర్ల కణం చెక్కుచెదరకుండా దూరిపోదు. చర్మాన్ని అంటిపెట్టుకుని పొరలా పరుచుకుంటుంది, తేమ ఆరిపోకుండా ఆపుతుంది, వెంట్రుక కుదుళ్లలో చేరుతుంది. అందుకే టేప్ స్ట్రిప్పింగ్ (టేపు అంటించి లాగుతూ పైపొరను కొంచెం కొంచెంగా తీయడం) తప్పకుండా చేయండి. పంది చెవి చర్మం మీంచి లాగిన టేపులను నేను తెల్ల కాగితం మీద వరసగా అంటించాను. మొదటిది చిక్కటి పసుపు. ఉత్త కర్క్యుమిన్ రాసిన చర్మానికి నాలుగైదు టేపులకే రంగు పోయింది, ఎన్.ఎల్.సి. రాసినదానికి పన్నెండో టేపు మీద కూడా లేతగా కనబడుతూనే ఉంది.