చొక్కా అంచు దగ్గర ఆగిన మంట

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. నాన్నకి 61 ఏళ్లు, నలభై ఏళ్లుగా జీడితోటల్లో పని. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కెపసిటబిన్ మాత్రలు రాశారు. 14 రోజులు వేసుకోవాలి, వారం ఆపాలి. రెండో విడతలో మెడ వెనక, ముంజేతుల మీద చర్మం ఎర్రబడి మంట పుట్టింది. ఇప్పుడు నల్లబడి పొట్టు లేస్తోంది. చొక్కా కింద మాత్రం ఏమీ లేదు. జీడిరసం అంటిందని అమ్మ, మందు వేడి చేసిందని చుట్టాలు. మాత్రలు ఆపేయమంటారా?

జవాబు: ఆపే నిర్ణయం మీరు తీసుకోకండమ్మా, క్యాన్సర్ డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేయండి. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, ‘చొక్కా కింద ఏమీ లేదు’ అన్నారే, సగం జవాబు అక్కడే ఉంది. జీడిరసం ముందు వేళ్లని కాలుస్తుంది. జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు మీ ఊళ్లో చూసే ఉంటారు. అది కాలర్ దగ్గర గీత గీసినట్టు ఆగదు. ఇది ఎండ పని.

కెపసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక 5-ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. ఆ మందు ఒంట్లో ఉన్నంతకాలం చర్మం ఎండకు తట్టుకోలేదు. పైగా నలభై ఏళ్లు తోటల్లో ఎండ తిన్న చర్మంలో దెబ్బతిన్న కణాలు పైకి కనిపించకుండా ఉండొచ్చు. మందు వాటినీ పట్టుకుంటుంది, ఆ చోటు రాజుకుంటుంది. తెల్లతోలు వాళ్లలో ఎండ వల్ల లేచే గరుకు మచ్చలకి ఇదే మందుని క్రీముగా రాస్తారు.

పసుపు, వేపాకు నూరి పట్టించకండి, పొట్టు లేచిన తోలు ఇంకా మండుతుంది. వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. పొడుగు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు, బయట పడేచోట ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్. ‘నేనేమైనా సినిమా హీరోనా’ అంటారు నాన్న, అననివ్వండి. పిక్కలు ఏరే పని ఈ ఏడాది ఇంకొకరికి అప్పగించండి. నలుపు మందు అయ్యాక నెలల మీద తగ్గుతుంది.

బొబ్బలు, నోటిపూత, ఆగని విరేచనాలు, అరచేతులు అరికాళ్లు మండి పగలడం, 100.4 దాటిన జ్వరం, వీటిలో ఏది వచ్చినా తర్వాతి మాత్ర వేయకుండానే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంకో మాట. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఈ మాత్ర డోసు తగ్గించాలి, బాగా దెబ్బతింటే ఇవ్వనే కూడదు. నాన్న క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చివరిసారి ఎప్పుడు చూశారో అడగండి. బీపీ మాత్రలూ పట్టుకెళ్లండి, వాటిలో కొన్ని కూడా ఎండ పడనివ్వవు.