స్నాచ్‌లో బార్ ముందుకు పోతుంటే, అది మోకాలి కింద ఉన్నప్పుడే చూడండి

స్నాచ్‌లో, అంటే బరువులున్న బార్‌ని నేలమీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తేటప్పుడు, బార్ ఒంటికి దూరంగా పోతోంది, చేతులు ముందే వంగిపోతున్నాయి, తుంటితో ఇంకా గట్టిగా కొట్టాలా అని అడిగారు. వద్దు. అలా కొడితే బార్ ఇంకా ముందుకు ఎగురుతుంది. తప్పు బయటపడేది తుంటి దగ్గరే అయినా, చాలామందిలో అది మొదలయ్యేది బార్ నేల వదిలేటప్పుడే.

బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి. భుజాలు బార్ కంటే కాస్త ముందుకు, వీపు బిగువుగా, మోచేతులు పక్కలకు తిరిగి. పట్టు హుక్ గ్రిప్పే: బొటనవేలిని బార్‌కి చుట్టి, దానిమీద చూపుడువేలు, మధ్యవేలు వేసి నొక్కాలి. మొదట్లో బొటనవేలు బాగా నొప్పెడుతుంది, అయినా మానకండి. బార్ జారుతుందన్న భయం ఉన్నంతకాలం చేతులు బిగుసుకునే ఉంటాయి.

నేలమీంచి బార్‌ని ఒక్కసారిగా గుంజొద్దు. ముందు చేతులు సాగేలా బిగువు తెచ్చుకుని, కాళ్లతో నేలను తొక్కుతూ లేవండి. మోకాళ్లు వెనక్కి జరిగి బార్‌కి దారివ్వాలి. బార్ మోకాలి దాకా వచ్చేవరకు తుంటి, భుజాలు కలిసే లేవాలి, వీపు వాలు మారకూడదు. తుంటి ముందే లేచిందంటే కాళ్ల పని నడుము మీద పడుతుంది, ఒళ్లు ముందుకు వాలుతుంది, బార్ దూరమవుతుంది. దాన్ని దగ్గరికి తెచ్చుకోవడానికి చేతులు వంగుతాయి. మీ రెండు ఇబ్బందులకూ మూలం బహుశా ఇదే.

మోకాలు దాటాక చంకల కింది కండరాలు బిగించి బార్‌ని తొడలకు ఆనించుకుంటూ రండి. మొండెం నిటారవుతుంటే మోకాళ్లు వాటంతటవే మళ్లీ కాస్త వంగుతాయి. కావాలని వంచబోతే లయ చెడుతుంది. బార్ తొడ, పొత్తికడుపు కలిసే మడత దాకా వచ్చాకే పూర్తి బలంతో నిటారుగా లేవాలి.

దీనికి ఆగి ఆగి చేసే స్నాచ్ పుల్‌ని (బార్‌ని తలపైకి ఎత్తకుండా నిటారుగా లేచేవరకే చేసే స్నాచ్‌ని) మించింది లేదు. నేలకు 2 సెంటీమీటర్ల ఎత్తున 2 సెకన్లు, మోకాలి కింద మరో 2 సెకన్లు ఆగి, ఆపైన పూర్తిచేయండి. మీ గరిష్ఠ స్నాచ్‌లో 70-75 శాతం బరువుతో 3 రెప్స్ చొప్పున 4 సెట్లు చాలు. ఆగిన చోట వీపు వాలు మారితే బరువు తగ్గించాల్సిందే.

ప్లేట్లు కూడా చూసుకోండి. పోటీ ప్లేట్ల వ్యాసం 450 మిల్లీమీటర్లు, అంటే బార్ మధ్యభాగం నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ప్లేట్లయితే కింద చెక్కలు పెట్టి అంత ఎత్తుకు తేవాలి, లేకపోతే మీరు మరింత కిందికి వంగి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఫోన్‌ని తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి పెట్టి వీడియో తీయండి. బార్ నేల వదిలిన చోట ఒకసారి, మోకాలి దగ్గర ఒకసారి ఆపి వీపు వాలు పోల్చి చూడండి.